కుండ కింద సీసా

కోడంబాక్కం స్టేషన్ మెట్లు దిగి ఎడమవైపు తిరిగితే ముందు వాసన వచ్చేది, తర్వాతే అంగడి కనిపించేది. వెంకటపతి నాయుడు పొద్దున్నే కాఫీ గింజలు వేయించేవాడు. ఆ పొగ వీధి మీద గోధుమరంగు నీడలా వాలేది. రైలు దిగిన జనం ఒక్క క్షణం నడక తగ్గించి, గుండెనిండా గాలి పీల్చుకుని, మళ్లీ తమ పనుల్లోకి వెళ్లిపోయేవారు.

ఆయన పూర్వీకులు మద్రాసుకి ఎప్పుడొచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలుగు మాత్రం మిగిలింది, చికోరీ కలిసిన కాఫీలాగా అరవం కలుపుకుని. ఆస్తి అని చెప్పుకోవడానికి ఆయనకు అంగడీ, ముక్కూ ఉన్నాయి. ఏ గింజ ఏ కొండ మీద ఎండిందో ఆ ముక్కు చెప్పేది.

ఆ ముక్కే ఆయన్ని వైన్ దగ్గరికి తీసుకెళ్లింది. నుంగంబాక్కంలో ఒక విదేశీ కంపెనీ పెద్దమనిషి ఇంటికి కాఫీపొడి ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ దొర సరదాగా ఒక గ్లాసు చేతికిచ్చాడు. నాయుడు చాలాసేపు తాగలేదు. వాసన చూస్తూ వరండాలో నిలబడిపోయాడు. అందులో తడిసిన చెక్క ఉంది. ఎండిన పండు ఉంది. ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిపోయిన గది ఉంది. ఒక సంవత్సరం కాసిన ఎండని సీసాలో పెట్టి దాచుకునే మనుషులు ఈ లోకంలో ఉన్నారని ఆయనకు ఆ రోజే తెలిసింది.

తర్వాత ఆయన ఆదివారాలు మౌంట్‌రోడ్డు పక్క సందులోని వేలం హాలువి. ఊరొదిలి వెళ్లే విదేశీయుల సామాన్లు అక్కడ పాటకొచ్చేవి. బీరువాలు, పింగాణీ పళ్లాలు, ఎవరి ముఖాన్నో మరిచిపోయిన నిలువుటద్దాలు. వాటి మధ్య ఎప్పుడో ఒకసారి గంపగుత్తగా అమ్మే సీసాల లాటు. విస్కీ అంటే జనం ఎగబడేవారు. వైన్ దగ్గరికొచ్చేసరికి హాలంతా ఆవులించేది. పులిసిన నీళ్లు ఎవరికి కావాలి? ఆ ఆవులింతే నాయుడి అదృష్టం. పరదేశాల్లో ధనవంతులు పోటీపడే సీసాలు ఇక్కడ ఒక కాఫీ అంగడి మనిషి చేతికందేంత కిందికి దిగి వచ్చేవి. మద్యం లాటు పాడడానికి కావలసిన సర్కారు పర్మిటుని ఆయన రేషన్ కార్డుతోపాటే దాచుకున్నాడు.

తొంభై ఒకటిలో ఒక ఆదివారం ఒంటరి సీసా ఒకటి బల్ల మీదికి వచ్చింది. ఫ్రాన్సుది. లేబుల్ మీద 1945. నాయుడి భార్య పంకజం పుట్టిన సంవత్సరం. ఆయన చెయ్యెత్తాడు. వెనక బెంచీలోంచి ఇంకో చెయ్యి లేచింది. మళ్లీ ఎత్తాడు. ఆ చెయ్యీ మళ్లీ లేచింది. తిరిగి చూస్తే సుబ్బన్, సినిమా షూటింగులకు సామాన్లు అద్దెకిచ్చేవాడు.

నాయుడు గబగబా వెళ్లి పక్కన కూర్చున్నాడు. “ఏంది సుబ్బన్, నువ్వెప్పుడు నేర్చుకున్నావు వైన్ తాగేది?”

“నేనెందుకు తాగతానన్నా? ఆ సీసా భుజాలు చూడు, ఎంత గంభీరంగా ఉండాయో. విలన్ చేతిలో పెడితే సగం డైలాగు అదే చెప్పేస్తాది.”

“మరి లోపలుండేది?”

“కాలవలో పోసేదే. టీ డికాక్షన్ పోస్తే రంగు ఇంకా ఎడుప్పుగా, కొట్టొచ్చినట్టు ఉంటాది.”

బల్ల దగ్గరి మనిషి అప్పటికే “ఒకటోసారి” అనేశాడు.

“నాకు ఒదిలిపెట్టు సుబ్బన్. లోపలిది నాది. ఖాళీ అయినాక సీసా నీది. మాట ఇస్తా ఉండా.”

“ఎప్పుడవుతాది ఖాళీ?”

“మా ఇంటామెకి యాభై నిండినప్పుడు. నాలుగేండ్లు.”

“నాలుగేండ్లా! అంతలోపల మా విలన్ హీరోకి మామ వేషం కట్టేస్తాడన్నా!” అన్నాడు గాని, సుబ్బన్ చెయ్యి దించేశాడు.

పంకజం వ్యాసర్పాడి పిల్ల. తండ్రి వరదయ్య రైల్వే యార్డులో పనిచేసేవాడు. ఆమెకు ఊహ తెలిసీ తెలియని వయసులోనే పోయాడు. ఆయన ఫోటో కూడా లేదు. ఒక నల్లకోటు ఉండేది, దాన్నీ ఎవరికో ఇచ్చేశారు. తండ్రి గురించి అడిగితే ఆమె “కోటు గుర్తుండాది, ముఖం లేదు” అనేది, మామూలుగా, బియ్యంలో రాళ్లు ఏరుతూనే.

సీసా చూపించినప్పుడు ఆమె చీరకొంగుతో దాన్ని తుడవబోయింది. నాయుడు ఆపాడు.

“నువ్వు పుట్టిన సంవత్సరం పంకజం ఇది.”

“నాకంటే ఇదే నిగనిగలాడతా ఉండాది. దీన్ని నేను తాగేదా? బాగుందే కథ!”

“తాగొద్దులే. నీకు యాభై నిండినరోజు తెరుస్తా. వాసన చూడు, చాలు.”

మద్రాసు ఎండ వైన్‌కి శత్రువు. అంగడిలో పెడదామంటే కాఫీ వాసన. ఇంట్లో చల్లని చోటు ఒక్కటే ఉంది, వంటింటి మూల తాగేనీళ్ల కుండ కింద పరిచిన ఇసుక. కుండ ఊరుతూ ఉంటే ఇసుక ఎప్పుడూ తడిగా, తెల్లవారుజాములా ఉండేది. నాయుడు చుట్టూ ఇటుకలు పేర్చి ఆ ఇసుకని పెద్దది చేశాడు. సీసాలకి నూనె కాగితం చుట్టి, పసిపిల్లల్లా పక్కకి పడుకోబెట్టి పూడ్చాడు. కుండ నుంచి ఊరేది చాలదు కాబట్టి పంకజం రోజూ కాసిని నీళ్లు చిలకరించేది. విసుక్కుంటూనే చిలకరించేది.

“అత్తగారు పోయినాక హాయిగా ఉంటాననుకున్నా. ఈడ ఇంతమందికి నీళ్లు పోసేదైంది నా బతుకు.”

తొంభై మూడు వేసవిలో చెరువులు ఎండిపోయాయి. కొళాయిలు దగ్గి ఊరుకున్నాయి. లారీ వస్తుందంటే వీధంతా రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు ముందురోజే వరసలో నిలబడేవి. పంకజం భుజం వాచింది. ఒక మధ్యాహ్నం ఆమె బిందె దించి, చెంబుతో నీళ్లు ముంచి, ఇసుక వైపు నడవడం నాయుడు చూశాడు. ఆ చెంబెడు నీళ్లు ఆయన కళ్లకు చాలా పెద్దవిగా కనిపించాయి.

“చాలు పంకజం. ఇంక పొయ్యొద్దు.”

“చచ్చిపోతాయే మీ పిల్లకాయలు?”

“పోతే పోనీ. నువ్వు మోసిన నీళ్లు తాగి బతకాల్సిన పని లేదు వాటికి.”

ఆ సాయంత్రమే అటక మీద గడ్డి పరిచిన చెక్కపెట్టె పెట్టాడు. నిచ్చెన మీద ఆయన, కింద ఆమె. ఆమె ఒక్కొక్క సీసా అందించింది, ఆయన అందుకుని చీకట్లో తడుముకుంటూ పేర్చాడు. తర్వాత చాలా రోజులు ఆయన అటక వైపు తలెత్తలేదు. కుండ పక్క ఇసుకలో ఒక పెసర మొలక పచ్చగా తలెత్తి ఉండడం మాత్రం చూశాడు. ఇంత కరువులో దీనికి నీళ్లెక్కడివి అనుకున్నాడు. కుండ ఊరిందేమోలే అనుకుని అంగడికి వెళ్లిపోయాడు.

తొంభై ఐదులో పంకజం పుట్టినరోజు ఆదివారం పడింది. పొద్దున్నే సుబ్బన్ సంచితో వాకిట్లో నిలబడ్డాడు.

“వదినె, దీర్ఘాయుస్సు. అన్నా, సీసా!”

“ఇదేందయ్యా, పుట్టినరోజుకి వచ్చావా, పాత సామాన్లకి వచ్చావా?” అంది పంకజం.

“రెండిటికీ వదినె. పాయసం ఉంటే మూడిటికీ.”

నాయుడు అటక ఎక్కి పెట్టె దించాడు. పైనున్న సీసా తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పులుపు. ఇంకొకటి. పులుపే. రెండు వేసవులు ఇంటి రేకుల కప్పు కింద ఉడికిపోయిన సీసాలు ఒక్కొక్కటే ఆయన చేతిలో ముసలివైపోయాయి. మిగతావి తెరవడం మాని గడ్డిలోకి చెయ్యిపెట్టి 1945 కోసం వెతికాడు. గడ్డి మిగిలింది. సీసా లేదు.

“సుబ్బన్...” అన్నాడు, అతని సంచి వైపు చూస్తూ.

“నన్ను చూడకన్నా! నేను మాట ఇస్తే ఇచ్చినట్టే!”

పంకజం వంటింట్లోకి వెళ్లి కుండ పక్కన కూర్చుని ఇసుకలో చెయ్యిపెట్టింది. తడి ఇసుక అంటుకున్న నూనె కాగితం చుట్టతో తిరిగి వచ్చింది.

“ఆపొద్దు నిచ్చెన కింద నిలబడి అన్నీ ఇచ్చినా. ఇది మాత్రం ఇయ్యలా. మీరు లెక్క చూసుకోలా.”

“నీళ్లు?”

“పెసలు కడిగిన నీళ్లు, కూరాకు కడిగిన నీళ్లు. సుమ్మా, ఊరికే పారబోసేవే గదా. నా సంవత్సరమని తెచ్చారు. నేనెట్టా చంపేది?”

నాయుడికి పెసర మొలక గుర్తొచ్చింది. ఆయన సీసా అందుకోకుండా ముందు ఆ వేసవిలో వాచిన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. సుబ్బన్ వాకిటి వైపు తిరిగి కాకుల్ని చూశాడు.

బిరడా మెత్తబడి లోపలికి ముక్కలైపోయింది. కొత్త గుడ్డ ఉతికి ఆరబెట్టి, కాఫీ డికాక్షన్ వడగట్టినట్టే వడగట్టారు. మొదట మట్టి వాసన. నాయుడు ముఖం వాడిపోయింది. “ఉండు, ఉండు,” అన్నాడు, ఎవరితోనో. స్టీలు గ్లాసులో ఆ ఎరుపు, ఇటుక రంగుకి తిరిగిన ఎరుపు, మెల్లగా గాలి పీల్చుకుంది. నిద్రలేచిన మనిషి మాట్లాడడానికి తీసుకునేంత సమయం తీసుకుంది.

ఆయన వాసన చూశాడు. గ్లాసు ఆమెకిచ్చాడు.

పంకజం ముక్కు దగ్గర పెట్టుకుంది. దించలేదు.

“ఏంది, పులిసిందా?” అన్నాడు సుబ్బన్.

“మా నాయన కోటు,” అంది ఆమె. “పొగాకు. ఇనుము. వానలో తడిసొచ్చి తలుపు చాటున తగిలించేవాడు. ఆ కోటే ఇది.”

యాభై ఏళ్ల మనిషి, గ్లాసులో ముఖం పెట్టుకుని, తలుపు చాటున నిలబడిన చిన్నపిల్లయింది. కాసేపటికి నాలుక చివర తడుపుకుంది. “చేదు. కానీ బాగుండాది,” అని నవ్వింది. కళ్లు తుడుచుకుని, భర్త రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆయన సిగ్గుపడి, “నువ్వే గదా కాపాడినావు. దండం నేను పెట్టాల,” అన్నాడు. ఎవరిది ఎవరికి చెందాలో తేలక ఆ దండం ఇద్దరి మధ్యనే ఉండిపోయింది.

సుబ్బన్ పులిసిన సీసాలు సంచిలో సర్దుకున్నాడు. ఖాళీ అయిన 1945 పంకజం ఒళ్లో ఉంది. ఆమె దాని మూతి దగ్గర మాటిమాటికీ వాసన చూస్తోంది.

“అది ఉండనీ వదినె. విలన్‌కి ఇంకోటి చూస్తాలే.”

“వద్దయ్యా. ఆయన మాటిచ్చినారు. వాసన ఎల్లకాలం ఉంటాదా? ఒక్కసారి వచ్చి పోయినాడు మా నాయన, చాలు. తీసుకుపో,” అని సీసా ఇచ్చింది. “పగలగొట్టే సీనులో మాత్రం పెట్టొద్దు.”

మరుసటి ఏడు పొంగే పాయసంలాంటి జనంతో నిండిన థియేటర్లో, తెర మీద విలన్ మేడ మెట్లు దిగుతూ వచ్చాడు. చేతిలో గంభీరమైన భుజాల సీసా. పంకజం నాయుడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. విలన్ టీ డికాక్షన్ గ్లాసులోకి వంచుకుని, కోపంగా సీసాని బల్ల మీద ధన్ అని పెట్టాడు.

“ఏయ్, నిదానం నాయనా!” అంది పంకజం, హాలంతా వినేలా.