మా జేజి పలకని పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ పలకని పేరు ఒకటి ఉండేది. అది మా తాత పేరు. ఆయన ఫొటో దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడేది. ఖాకీ చొక్కా, నడుముకు బెల్టు, మీసం కూడా సరిగా రాని మొహం. ఊళ్ళో ముసలివాళ్ళు ఆయన్ని పెద్దోడు అని తలుచుకునేవారు. మేము పిల్లలం మిలిట్రీ తాత అనేవాళ్ళం. తెల్లవాళ్ళ కాలంలో జరిగిన పెద్ద యుద్ధానికి పోయాడట. మధ్యలో ఒక్కసారి సెలవు మీద వచ్చి, తిరిగి పోయి, ఇక రాలేదు. చనిపోయాడని ఉత్తరం లేదు, బతికి ఉన్నాడని కబురూ లేదు. ఆ సెలవు తర్వాత పుట్టినవాడు మా నాయన. అంటే తండ్రీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మాది అనంతపురం జిల్లాలో కుందుర్పి దిక్కున ఒక చిన్న ఊరు. వానను నమ్ముకుని చెనిక్కాయలు, అంటే వేరుశెనగ, విత్తడం, రాని వానను తిట్టుకుంటూ ఎండిన చెట్లు పీకి పశువులకు వేయడం, ఇదీ మా సేద్యం. కష్టం అందరికీ ఒకటే కాబట్టి దాని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడేవారు కాదు. మా ఇంటి బాధ మాత్రం వేరే ఉండేది.

మా జేజి, అంటే మా నాయన తల్లి, నుదుట రూపాయంత బొట్టు పెట్టుకునేది. చేతుల నిండా గాజులు వేసుకునేది. గాజులమ్మి ఊళ్ళోకి వస్తే మొదట పిలిచేది మా జేజే. డెబ్బై ఏళ్ళు దగ్గర పడుతున్న ఆ మనిషిని పేరంటాల్లో ఏం చేయాలో ఊరి ఆడవాళ్ళకు తోచేది కాదు. పిలిస్తే శుభమో అశుభమో తెలియదు. పిలవకపోతే ముత్తైదువును అవమానించిన పాపం. అందుకని పిలిచేవారు, కూర్చోబెట్టేవారు, పసుపు కుంకుమ మాత్రం అందరి తర్వాత ఇచ్చేవారు. జేజి అది చూసీ చూడనట్టు ఉండేది. నాకే ఒళ్ళు మండేది. నేను పుట్టుకతోనే ముక్కు మీద కోపం ఉన్నదాన్ని.

దసరాకు ముందు వచ్చే పెద్దల అమావాస్య మా ఇంట్లో ఏటా బరువుగా గడిచేది. ఆ రోజు చనిపోయిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ ఆకుల్లో వడ్డించి, సాంబ్రాణి వేసి, పేరు పేరునా పిలిచి, వచ్చి తినిపొమ్మని చెప్తారు. మా నాయన తన తాతను పిలిచేవాడు, అవ్వను పిలిచేవాడు, అంతకు ముందువాళ్ళనూ పిలిచేవాడు. తన తండ్రికి మాత్రం బట్ట పెట్టేవాడు కాదు, పిలిచేవాడు కాదు. పెడితే ఆయన చచ్చినట్టు, జేజి బొట్టు చెరిపేసుకోవాల్సినట్టు. ఆ మాట ఎత్తే ధైర్యం ఆయనకు ఎన్నడూ లేకపోయింది.

కార్గిల్ యుద్ధం జరిగిన ఏడు, పంచాయతీ ఆఫీసు టీవీలో జెండాలు కప్పిన పెట్టెలు చూపించేవారు. అందరితో పాటు జేజి కూడా నేల మీద కూర్చుని చూసేది. ఒకరోజు అవి ఏమిటని నన్నడిగింది. చనిపోయిన సైనికులను ఇళ్ళకు తెస్తున్నారని చెప్పాను. జేజి లేచి చీర దులుపుకుంటూ, "ఇప్పుడైతే ఇంటికి తెచ్చిస్తాండారా" అంది. అది నన్ను అడిగిన ప్రశ్న కాదు. ఇంటికి వచ్చి ఆ మాట నాయనకు చెప్పాను. ఆయన ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేచాడు.

పక్క ఊళ్ళో సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఒకరు ఉండేవారు. పాతకాలపు సైనికుల వివరాలు దొరుకుతాయని, దొరికితే జేజికి పింఛను కూడా వస్తుందని ఆయన చెప్పారు. పింఛను మీద ఆశ లేదని నేను అబద్ధం చెప్పను, కరువులో ఎవరికుండదు? కానీ మా నాయన తిరిగింది దానికోసం కాదు. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ బట్టసంచిలో వేసుకుని అనంతపురంలో సైనికుల ఆఫీసుకు పోయాడు. తన బడి సర్టిఫికెట్టు, పొలం పాసుపుస్తకం, రేషన్ కార్డు, గోడ మీది ఫొటో. కాగితాలన్నిట్లోనూ ఆయన తండ్రి పేరు పెద్దన్న అని ఉంది. ఆఫీసులో పాపం మంచిగానే వెతికించారట. మా ఊరి నుంచి సైన్యానికి పోయిన పెద్దన్న ఎవరూ లేడని చెప్పి పంపారు.

నాయన వచ్చి వసారాలో కూలబడి అదంతా చెప్తుంటే జేజి చాట పక్కన పెట్టి, "ఆ పేరు కాదులే నాయనా" అంది. యాభై ఏళ్ళు దాటిన మా నాయన అప్పటిదాకా తన తండ్రి పేరు తెలియకుండానే బతికాడు.

సంగతి ఏమిటంటే, మా తాతకు ఆయన పెదనాయన పేరు పెట్టారు. ఆ పెదనాయన పెళ్ళికాకుండానే పోయినవాడు. బావగారి పేరు పలకకూడదు కనుక తల్లి బిడ్డను పెద్దోడా అని పిలిచింది. చనిపోయిన అన్న పేరు పెట్టి బిడ్డను తిట్టలేక, కొట్టలేక తండ్రి అన్నా అని పిలిచాడు. ఊరు ఆ రెండూ కలిపి పెద్దన్న చేసింది. మా నాయనను బడిలో వేసినప్పుడు ఎవరో పెద్దన్న అని చెప్పారు, పంతులు అదే రాసుకున్నాడు. తప్పని జేజికి తెలుసు. దిద్దాలంటే మొగుడి పేరు పలకాలి. ఆడది మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా వైపు నమ్మకం. యాడున్నాడో తెలియని మనిషి ఆయుష్షును జేజి తన నాలుక కింద పెట్టుకుని కాపాడుతూ వచ్చింది. ఆ పేరు తెలిసిన మిగతావాళ్ళంతా ఎప్పుడో పోయారు.

ఇక మా ఇంట్లో కొత్త ఆట మొదలైంది. జేజి చెనిక్కాయలు ఒలుస్తుంటే నాయన ఎదురుగా కూర్చుని ఒక్కొక్క పేరే చదివేవాడు. రామప్పనా, హనుమప్పనా, తిమ్మప్పనా, ఓబులేసా. పేరు తగిలితే కనీసం తలైనా ఊపుతుందని ఆశ. జేజి తల ఎత్తేది కాదు. ఊపడం కూడా చెప్పడమేనని ఆమెకు తెలుసు. ఊళ్ళో దేవుళ్ళందరూ అయిపోయాక నాయన తువ్వాలు దులుపుకుని లేచిపోయేవాడు. మొదట్లో మేము నవ్వేవాళ్ళం. తర్వాత నవ్వలేదు.

ఆ శ్రావణంలో మా అన్నకు పెళ్ళి అయింది. కొత్త పెళ్ళికూతురు గడప దాటే ముందు ఆడబిడ్డలు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పించడం ఆచారం కదా, ఆ ఒక్కసారికి దోషం లేదంటారు. ఆడబిడ్డను నేనే కాబట్టి తలుపుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. మా పక్కింటి పెద్దమ్మ ఒక ఉపాయం పన్నిందని, అందులో నాయనకూ భాగం ఉందని నాకు తెలియదు. వదిన సిగ్గుపడుతూ అన్న పేరు చెప్పింది. నేను చేతులు దించబోతుంటే పెద్దమ్మ ఆపింది.

"పిల్ల చెప్పె. ఇంగ నువ్వు చెప్పవ్వా. నువ్వు చెప్తేనే పిల్ల లోపలికొచ్చేది."

ఆడవాళ్ళంతా నవ్వుతూ జేజిని చుట్టుకున్నారు. జేజి మొహం ఎర్రబడింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ గడప దగ్గరే తాను కూడా ఒక తూరి చెప్పానని, అప్పుడు తనకు ఇంకా పరికిణీ వయసేనని అంది. మరొకసారి చెప్పమని అందరూ బతిమాలారు. కొంగు కిందికి దించింది. పెదవులు విడివడ్డాయి. అంతలో తలుపు వెనక నుంచి మెడ చాపి వింటున్న మా నాయన కనిపించాడు. జేజి మొహంలో ఆ చిన్నపిల్ల ఎటో పోయింది.

"నీకా పేరు యాల కావల్లప్పా?" అని అడిగింది.

"యాడ పోయినాడో తెలుసుకోవల్లమ్మా."

"తెలుసుకుని?"

నాయన తలుపు వెనక నుంచి ముందుకు వచ్చాడు. పెళ్ళివాళ్ళంతా వాకిట్లో నిలబడే ఉన్నారు.

"నాయనకు ఒక పంచ పెట్టల్లమ్మా. ఏటా అందరికీ పెడతాండా. నాయనకు మాత్రం పెట్టలేదు నేను."

జేజి తిరిగి వదిన చేయి పట్టుకుని, కుడికాలు పెట్టమ్మా అని లోపలికి తీసుకుపోయింది. ఆ తర్వాత నాయన ఆమెను ఎప్పుడూ పేరు అడగలేదు.

పెద్దల అమావాస్య వచ్చింది. నాయన మామూలుగానే బట్టలు వరుసగా పెట్టి, ఆకులు వేసి, అమ్మ వడ్డిస్తుంటే ఒక్కొక్కరినే పిలిచాడు. అందరూ అయిపోయారు. అప్పుడు జేజి లోపలి నుంచి మడత విప్పని కొత్త పంచ, తువ్వాలు తెచ్చింది. ఎప్పుడు తెప్పించుకుందో, ఎవరితో తెప్పించుకుందో మాకెవరికీ తెలియదు. వరుస చివర పెట్టి, దాని ముందు తానే ఒక ఆకు వేసి, అన్నం వడ్డించింది. వాకిలి వైపు తిరిగి ఆ పేరు పెట్టి పిలిచింది.

చనిపోయినవాళ్ళను పిలిచే గొంతు కాదు అది. పొలం నుంచి వచ్చి వీధిలో ఎవరితోనో మాట్లాడుతూ ఆగిపోయిన మనిషిని, అన్నం చల్లారిపోతుందని కేకేసినట్టు పిలిచింది. తర్వాత కొంగుతో బొట్టు తుడుచుకుంది.

నాయన చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. వద్దమ్మా, నాకు ఆ పేరు వద్దు అని కాళ్ళు పట్టుకున్నాడు.

"నీ కోసరం కాదులే," అంది జేజి. "ఇన్నేండ్లూ అందరూ వచ్చి తినిపోతాండ్రి. ఆయప్ప ఒక్కడే పిలిచేవాళ్ళు లేక ఆకలితో వాకిట్లో నిలబడినాడేమో. నాదే తప్పు."

గాజులు తీయబోతే రాలేదు. వేళ్ళ కణుపులు లావెక్కి పోయాయి. పగలగొట్టడానికి అమ్మకు చేతులు ఆడలేదు. ఆముదం రాసి ఒక్కొక్కటే తీసింది. నేను పక్కన గిన్నె పట్టుకుని కూర్చున్నాను. గాజులు పోయిన ఆ చేతుల మీద ఎండ తగలని తెల్లటి చారలు చూసి నాకు ఏడుపు ఆగలేదు. అంత ఏడుపు నేను మళ్ళీ ఏడవలేదు.

నాయన ఆ పేరు పట్టుకుని మళ్ళీ ఆఫీసుకు పోయాడు. మరుసటి ఎండాకాలంలో జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే పక్క ఊరి మిలిట్రీ పెద్దాయన మా వసారాలో కూర్చుని చదివి చెప్పారు. తాత బర్మా సరిహద్దు దగ్గర ఆసుపత్రిలో జ్వరంతో చనిపోయాడు. మా నాయన పుట్టిన మరుసటి ఏడు, వానాకాలంలో. భార్యకు తెలియజేస్తూ ఊరికి ఉత్తరం పంపారు. ఆ పేరు గలవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరని ఉత్తరం తిరిగి వచ్చింది.

పెద్దాయన ఆ ముక్క చదివి కళ్ళద్దాలు తీసేశారు. తాత పోయిన ఆ ఏడు కరువుకు మావాళ్ళంతా పశువులను తోలుకుని తుంగభద్ర ఒడ్డుకు వలస పోయారు. పోస్టుమాను ఊళ్ళో మిగిలిన నలుగురినీ అడిగి ఉంటాడు. వాళ్ళకు పెద్దోడు తెలుసు, ఆ పేరు తెలియదు. మావాళ్ళు తిరిగి వచ్చాక, ఎవరికో వచ్చిన ఉత్తరమని ఆ సంగతి చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

జేజి తన చేతులే చూసుకుంటూ ఉంది. చివరకు నాయనతో అంది.

"ఆడ నీళ్ళుండె. నువ్వు చంకలో ఉంటివి. దినమ్మూ కడుపునిండా తింటిమి. నాట్లేసే ఆడోళ్ళతో చేరి నేను పాటలు గూడా పాడితి."

తర్వాత గోడ మీది ఫొటో వైపు తిరిగింది. మీసం రాని ఆ పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలిచింది. "నాకు తెలీలేదు," అంది. "నాకెవురూ చెప్పలేదు."

ఆ తర్వాత జేజి ఎక్కువ కాలం బతకలేదు. జేజి బొట్టు తుడుచుకోవడంతో ఊరి ఆడవాళ్ళకు ఒక ఇబ్బంది తీరిపోయింది కాబట్టి పేరంటాలకు పిలవడం మానేశారు. పింఛను కాగితాలు ఆమె పోయిన తర్వాత వచ్చాయి.

ఇప్పుడు నాకూ తల నెరుస్తోంది. పెళ్ళైన కొత్తలోనే నేను నా భర్తను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాను. ఇంట్లోనూ పిలుస్తాను, బజారులోనూ పిలుస్తాను, వీధి చివర ఉంటే నలుగురికీ వినపడేలా పిలుస్తాను. మా అత్త మొదట్లో చాలా బాధపడింది. మొగుడి పేరు పిలిస్తే ఆయుష్షు తగ్గుతుందే తల్లీ అని నా గడ్డం పట్టుకుని చెప్పింది. మంచి మనిషి, ఆమెకు ఎదురు చెప్పలేకపోయాను. పిలిస్తే తగ్గుతుందో లేదో నాకు తెలియదు. పిలవకపోతే ఏమవుతుందో మాత్రం నేను చూశాను.