తాతయ్య కట్టిన తోలు పట్టీలు

నా చిన్నప్పుడు మేము ఉర్లాలో, మిల్లుల వెనక రేకుల ఇళ్ళ లైన్లో ఉండేవాళ్ళం. ఛత్తీస్‌గఢ్ అప్పుడే కొత్తగా రాష్ట్రమైంది. మా లైన్లో సగం మంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. మా తాతయ్య ఎర్రగా కాలిన ఇనుమును చువ్వలుగా సాగదీసే రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు. ఆరేసిన బట్టల మీద సాయంత్రానికల్లా నల్లటి పొడి పేరుకునేది. మా అమ్మ వాటిని దులుపుతూ మిల్లును తిట్టేది, మిల్లు పెట్టిన అన్నమే మాకు వడ్డించేది.

నేను చదివిన బడిలో మిల్లు ఆఫీసర్ల పిల్లలూ, మాలాంటి పనివాళ్ళ పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం. ఆటల పీరియడ్ వస్తే మాత్రం ఎవరూ చెప్పకుండానే రెండు ముక్కలైపోయేవాళ్ళం. బ్యాడ్మింటన్‌కి సొంత రాకెట్టు, తెల్ల బూట్లు కావాలి. అవి లేనివాళ్ళు హాకీకి పోవాలి. హాకీలో కూడా ముందు పరిగెత్తే చోట్లన్నీ సరదాకి ఆడటానికొచ్చే ఆఫీసర్ల అమ్మాయిలవే. వాళ్ళ మేజోళ్ళ లోపల, మోకాలి కింది ఎముకకు అడ్డంగా గట్టి ప్లాస్టిక్ పలకలుండేవి. గోల్ దగ్గర ఎవరిని నిలబెట్టాలా అన్నప్పుడు ఆటల సారు చూపు తిన్నగా నా మీదికి వచ్చేది. నల్లగా, పుల్లలాంటి కాళ్ళతో, చెప్పుల్లేకుండా ఉండేదాన్ని.

"మద్రాసీ పిల్ల. వీళ్ళకేమీ కాదు," అనేవాడు సారు, హిందీలో. మాది మద్రాసు కాదని చెప్పడం నేను అప్పటికే మానేశాను.

గోల్ కాసేవాళ్ళు కట్టుకునే పెద్ద ప్యాడ్లు బడిలో ఒక్క జతే ఉండేవి. అవి పెద్ద అబ్బాయిల జట్టువి, గదిలో తాళం వేసి ఉంచేవారు. కాళ్ళకు కాపుదల ఉన్నవాళ్ళంతా కర్రలెత్తి పరిగెత్తుకొస్తుంటే, ఏ కాపుదలా లేనిదాన్ని నేనొక్కదాన్నే ఎదురు నిలబడేదాన్ని. ఆ బంతి రాయి లాంటిది. ఆటలుండే చివరి పీరియడ్ గంట ఎప్పుడు కొడతారా అని అందరూ చూస్తుంటే, నేను మాత్రం అది మోగకూడదని మొక్కుకునేదాన్ని. ఒకసారి బంతి సూటిగా ఎముకకే తగిలింది. కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. అయినా నేను ఏడవలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. "చూశారా, నేను చెప్పలేదూ?" అన్నాడు సారు. ఆ చప్పట్లతోనే నేను ఇరుక్కుపోయాను. ఇక ఏడిస్తే ఆట పోతుంది. ఇంట్లో చెబితే అమ్మ ఆట మానిపిస్తుంది. బడి జట్టుతో బస్సెక్కి పక్క ఊరికి ఆడటానికి వెళ్ళాలని నాకు ఎంత ఆశగా ఉండేదో మాటల్లో చెప్పలేను.

కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే తాతయ్య చూశాడు. కమిలిన చోటు వంకాయ రంగులోకి తిరిగి ఉంది.

"ఏటయినాదే గుంటా ఆ కాలికి?"

నేను చెప్పాను. భయమేమీ లేదని కూడా చెప్పాను.

తాతయ్య లోపలికెళ్ళి తన మిల్లు సంచీ తెచ్చాడు. అందులో కాళ్ళకు కట్టుకునే దళసరి తోలు పట్టీలు, కొత్తవీ పాతవీ రెండు జతలున్నాయి. అక్కడక్కడా నిప్పురవ్వలు పడి మాడిన మచ్చలు, కాలిన వాసన.

"ఎర్రటి సువ్వ పాములా ఒంకర్లు తిరిగి మీదకొస్తాది. దినమూ బయమే నాకు. బయం ఉంది కాబట్టే ఇయి కట్టుకుంతాను. నీకు బయం లేదని ఎవులన్నారే?"

మర్నాడు ఆటల పీరియడ్‌కి తాతయ్య బడి గేటు దగ్గరికి వచ్చాడు. అలా రావడమంటే పనికే ముప్పు. ముందు వరుసలో ఆడే పొడుగమ్మాయి వాళ్ళ నాన్న తాతయ్య మిల్లులోనే ఆఫీసరు. తాతయ్య చెప్పులు గేటు బయటే విడిచి, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని పాత పట్టీలు నా కాళ్ళకు కట్టడం మొదలుపెట్టాడు. ఎర్రటి ఇనుము ముందు నిలబడే మనిషి చేతుల్లోంచి ఆ మైదానంలో బకిల్ రెండుసార్లు జారిపోయింది.

"అరే, కాలీ లోహార్ అయిపోయిందిరోయ్!" అని పొడుగమ్మాయి నవ్వింది. కాలీ అంటే నల్లపిల్ల అని, లోహార్ అంటే కమ్మరి అని.

సారు దగ్గరికొచ్చి, "ఇవెందుకు బాబా? మీ పిల్లలకి దెబ్బ తగలదు కదా," అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అలా నమ్మినట్టు అన్నాడు.

తాతయ్య లేచి చేతులు జోడించాడు. తన వచ్చీరాని హిందీలో, "లగ్తా హై సాబ్. హమ్ బోల్తే నహీ," అన్నాడు. తగులుతుంది సాబ్, మేమే చెప్పం, అని.

ఎవరూ నవ్వలేదు. ఆ రోజు బంతి వచ్చి పట్టీకి దబ్బున తగిలింది. నొప్పి లేదు. అయినా భోరున ఏడ్చేశాను, అన్ని రోజుల భయమూ కలిపి. ఈసారి చప్పట్లు లేవు.

తాతయ్య పని పోతుందేమోనని ఆ వారమంతా సాయంత్రాలు లైను చివర నిలబడి అతని సైకిల్ కోసం చూశాను. పని పోలేదు. పోయింది నా చోటు. సారు నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, మా వెనక లైన్లో ఉండే ఛత్తీస్‌గఢీ పిల్లని గోల్‌లోకి పంపాడు. ఆమె నాకంటే నలుపు, నాకంటే చిన్నది. "దీనికేమీ కాదు," అన్నాడు.

ఆ పిల్ల నాలాగే పళ్ళు బిగించి నిలబడింది. నేను కలగజేసుకుంటే బస్సు ప్రయాణం అక్కడితో సరి అని నాకు తెలుసు. అయినా సంచీలోంచి పట్టీలు తీసి గోల్ దగ్గరికి నడిచాను. కూర్చుని ఆమె కాళ్ళకు కడుతుంటే నా చేతుల్లోంచి కూడా బకిల్ రెండుసార్లు జారింది. పైకి చూసి అదే మాట అన్నాను. "లగ్తా హై సర్."

ఆ ఏడాది నేను బస్సెక్కలేదు. ఆ పిల్ల ఎక్కింది, తాతయ్య పట్టీలతో.

ఇప్పుడు మా ఇంటి పిల్లలు ఆడుకోవడానికి వెళితే నేనూ వెళ్ళి గట్టు మీద కూర్చుంటాను. ఎవరైనా ఒక పిల్లని చూపించి, "దానికసలు భయమే లేదండీ," అని మెచ్చుకుంటే, నేను ముందు ఆ పిల్ల మొహం చూడను. కాళ్ళు చూస్తాను.