చంద్రమౌళి ఎనిమిది మార్కులిచ్చిన బీరు

పెళ్లయిన కొత్తలో నేను వండిన వంకాయకూర తిని మా ఆయన పదికి ఆరు మార్కులిచ్చారు. పక్కనే కూర్చున్న మా అత్తగారు మంగాయమ్మ వండిన పప్పుకు అయిదే ఇచ్చారు కాబట్టి ఆ పూట నేను బతికిపోయాను. మా ఆయన చంద్రమౌళి అంటే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్లందరికీ మార్కుల మనిషి. ఎవరింట్లో ఆవకాయ కలిపినా, ఆవపెట్టి పనసకూర వండినా ఓ గిన్నె మా ఇంటికి వచ్చేది. ఆయన తినేవారు, కాసేపు ఊరుకునేవారు, తర్వాత కుండబద్దలు కొట్టినట్టు ఒక అంకె చెప్పేవారు. ఆయన నాలుక ఏమంత గొప్పది కాదు. పెసరపప్పుకీ కందిపప్పుకీ తేడా ఇప్పటికీ తెలియదు. కాకపోతే మొహమాటం బొత్తిగా లేదు. యథార్థవాది లోకవిరోధి అంటారు గానీ మా కాలనీలో దానివల్ల ఎవరూ విరోధులు కాలేదు. పైగా ఎవరికైనా ఏడు వచ్చిందంటే ఆవిడ వారం రోజులు కొళాయి దగ్గర అదే చెప్పుకునేది. ఎనిమిది మాత్రం ఎవరికీ రాలేదు. నాక్కూడా రాలేదు.

మా మామగారు విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడి షెడ్డులో ఫిట్టరుగా చేరారు. ఆయన కొడుకు ఇంజను డ్రైవరయ్యాడు. డ్రైవరు డ్యూటీ ఎక్కే ముందు హాజరు వేయించుకునే లాబీలో ఒక గొట్టంలోకి ఊదాలి. తాగినట్టు మిషను చూపిస్తే బండి ఇవ్వరు. అది భయమనుకోండి, భక్తి అనుకోండి, మా ఆయన పెళ్లి విందుల్లో కూడా గ్లాసు ముట్టలేదు. దగ్గుమందు తాగాలన్నా సీసా మీద అక్షరాలన్నీ చదివించుకునేవారు.

ఇక నాగేంద్ర. ఆ పేరు రాయడానికే నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి. వాడు మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. రెండు క్వార్టర్ల మధ్య ఒకటే గోడ. వాళ్ల అమ్మ పోయాక మా అత్తగారి చేతి అన్నం తిని పెరిగాడు. రాయపూర్ హోటళ్లలో చాలాకాలం పనిచేసి, ఊరి చివర లింగియాడీహ్ దాటాక సొంతంగా ఒక చిన్న బీరు కార్ఖానా పెట్టాడు. లోపల స్టీలు ట్యాంకులు, బయట కొన్ని బల్లలు. మన దూబ్‌రాజ్ బియ్యంతో ఒక బీరు, ఇప్పపువ్వుతో ఒకటి, గోధుమలతో ఒకటి. ఆదివారం వచ్చినవాళ్లకు ఒక చెక్క మీద చిన్న చిన్న గ్లాసులు పెట్టి రుచి చూడమనేవాడు. వాళ్లిచ్చిన మార్కులు గోడకున్న నల్లబోర్డు మీద రాసేవాడు. ఈ మార్కుల పద్ధతి ఎవరింట్లో నేర్చుకున్నాడో వేరే చెప్పక్కర్లేదు.

ఊరంతా తొమ్మిదులూ పదులూ ఇస్తున్నా వాడికి తృప్తి లేదు.

"మౌళిగాడు ఒక మాట అనకపోతే నాకు తాగినట్టే లేదు వదినా" అనేవాడు.

డ్రైవరు బీరెలా తాగుతాడు? అందుకని ఆయన కోసమే 'జీరో' అని ఒకటి చేశాడు. బీరు కాచాక అందులోని మత్తునంతా మరిగించి తీసేస్తాడన్నమాట. మా ఆయన మొదట ఒప్పుకోలేదు. నాగేంద్ర అప్పటికే పోయిన మా అత్తగారి ఫొటో మీద చెయ్యేశాడు.

"ఒరే, ఈ అమ్మ సేతి అన్నం తిన్నోణ్ని. నీ డ్యూటీకి నేను అడ్డం వస్తానేటి?"

అప్పుడు తాగారు. తాగి, ఆ రోజు డ్యూటీ లేకపోయినా నేరుగా లాబీకి వెళ్లి ఊది చూసుకున్నారు. సున్నా. మరోసారి కూడా అలాగే చూసుకున్నారు. మళ్లీ సున్నా. ఆ తర్వాత ఇక విడిగా వెళ్లి చూసుకోలేదు. డ్యూటీకి వెళ్లే దారిలో కూడా ధైర్యంగా తాగేవారు.

మార్కులు మాత్రం మొదటిసారి మూడు.

"సల్లారిపోయిన బార్లీ జావరా ఇది" అన్నారు.

తర్వాత మరోరకం తెస్తే నాలుగు. నాగేంద్ర పైకి నవ్వేవాడు గానీ మొహం మాడిపోయేది.

"నీ నోట్లోంచి ఒక మంచి మాట రాలితే నీ సొమ్మేటి పోతాదిరా?" అన్నాడొకసారి.

నేనూ జాలిపడి, "ఒక అయిదు పడీయొచ్చు కదండీ" అన్నాను.

"లేనిది ఎలాగిస్తానే?" అన్నారు మా ఆయన.

రిటైరయ్యే రోజు వచ్చింది. డ్రైవర్లకు ఆఖరి బండి అంటే పెళ్లిలాంటిది. ఇంజనుకు పూలదండలు కడతారు, బండి ప్లాట్‌ఫారం మీదికి రాగానే బాండు మోగుతుంది, ఇంటిల్లిపాదీ ఎదురెళ్లి దిగినవాణ్ణి దండలతో ముంచేస్తారు. ఎందరి ఆఖరి బండికో ఆయన దండలు మోసుకెళ్లారు. నేను మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆయన బండి తీసుకొస్తుంటే నిలబడి చూడలేదు. పిల్లలు, వంట, అత్తగారి మంచం, ఏదో ఒకటి.

"నాకు శాలువాలూ అవీ ఏటీ వొద్దు నీలా" అన్నారు ముందురోజు. "బండి లోపలికి వస్తన్నప్పుడు నువ్వు ప్లాట్‌ఫారం మీద కనిపించాల. బస్, అంతే."

మధ్యాహ్నం బండి తీసుకుని రాయగఢ్ వెళ్లి, సాయంత్రం ఇంకో బండితో తిరిగి రావాలి. సరిగ్గా భోజనాల వేళకు నాగేంద్ర పెద్ద ఫ్లాస్కు పట్టుకుని దిగాడు. కొత్త జీరో అట. సాయంత్రం బండి దిగాక వాడి కార్ఖానాలోనే మా ఆయనకు సన్మానం, అదే పూట ఆ జీరో అమ్మకానికి పెడతాడట.

"ఇది తాగి సెప్పు. డ్రైవరుగా నువ్విచ్చే ఆఖరి మార్కులు" అన్నాడు.

మా ఆయన ఒక గుక్క తాగారు. గ్లాసు దించి దానివంక చూశారు. మళ్లీ తాగారు. గ్లాసు ఖాళీ అయింది.

"ఇంకొంచెం పొయ్యరా" అన్నారు.

నేను వంటింట్లోంచి బయటికి వచ్చి మరీ చూశాను. ఎవరింటి వంటా ఆయన మారు వడ్డించమని అడిగి ఎరగరు. నాగేంద్ర ఒక్క క్షణం ఆగి, పోశాడు. మూడో గ్లాసు కూడా అయ్యాక మూతి తుడుచుకుని, "ఎనిమిది" అన్నారు. నాగేంద్ర కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు పొయ్యి ముందు మాడి నేను ఏడు దాటలేదు మరి.

ఆయన ఇస్త్రీ యూనిఫాం వేసుకుని వెళ్లిపోయారు. డ్యూటీలో ఫోను ఆపేస్తారు కాబట్టి మేం చెయ్యలేదు.

సాయంత్రం పిల్లలతో, చుట్టాలతో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. పట్టుచీర కట్టుకున్నాను. అందరికంటే పెద్ద బంతిపూల దండ నాగేంద్ర చేతిలో ఉంది. లాబీవాళ్లెవరూ రాలేదేమిటా అనిపించింది గానీ డ్యూటీల్లో ఉండి ఉంటారులే అనుకున్నాను. బండి కనబడగానే బాండువాళ్లు అందుకున్నారు. నేను దండ పైకెత్తి పట్టుకున్నాను. ఇంజను నా ముందునుంచే వెళ్లింది. కిటికీలో ఉన్నది మా ఆయన కాదు.

దిలీప్. మా ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. బండి ఆపి దిగి, తలెత్తకుండా నా దగ్గరికి వచ్చాడు.

"ఆంటీ, సార్ గాడీ ఎక్కలేదు. మధ్యాహ్నం ఊదితే మిషన్లో వచ్చేసింది. బ్లడ్ కూడా తీసుకున్నారు. లాబీలోనే కూర్చోబెట్టారు. మీకు చెప్పడానికి ఎవరికీ హిమ్మత్ అవ్వలేదు."

బాండు మధ్యలో ఆగిపోయింది. అందరూ ఒక్కసారే ఎగబడ్డారు. ఎలా వచ్చింది, ఎందుకొచ్చింది, ఆయన తాగడమేమిటి, మిషను తప్పేమో! ఆ గోలలో నాగేంద్ర ఒక్కడే వేరే మాట అడిగాడు.

"ఎంత సూపించింది?"

నేను వాడివైపు తిరిగాను. "ఎంతేటి? ఎలాగొచ్చిందని కదా అడగాల?"

వాడు దండ బెంచీ మీద పెట్టి జారుకోబోయాడు. పదిమందిలో ఉన్నానని కూడా చూడలేదు, చొక్కా పట్టుకున్నాను.

"సెప్పు. ఆయనకేటి పోసినావు?"

"సగమే కలిపినాను వదినా" అన్నాడు.

ఆ చొక్కా వదలకుండా లాబీదాకా లాక్కెళ్లాను. మా ఆయన ఒక మూల బెంచీ మీద కూర్చున్నారు. బూట్లకు పొద్దున నేను చూసిన మెరుపు ఇంకా అలాగే ఉంది. నన్ను చూసి లేచారు.

"బాండు వాయించినారేటి?" అని అడిగారు.

"వాయించారు."

"పోన్లే. దిలీప్‌గాడికి మొదటి పాసింజరు బండి." అప్పుడు నా వెనకున్నవాణ్ణి చూశారు. ఆయన మొహం విప్పారింది. "వచ్చినావా నాగేంద్రా! నువ్వైనా సెప్పు వీళ్లకి. మా నాగేంద్ర అలాటి పని సెయ్యడు, మిషనే పాడైందని మధ్యాహ్నం నుంచి మొత్తుకుంటన్నాను. నమ్మరే!"

ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ప్లాట్‌ఫారం మీద కూడా రాలేదు.

"మిషను బాగానే ఉందిరా" అన్నాడు నాగేంద్ర. "జీరో మళ్లీ జావలాగే దిగింది. సగం అసలు బీరు కలిపినాను. ఒక్క గ్లాసే కదా, ఏటవుతాదిలే అనుకున్నాను. నువ్వు ఇంకోటి అడుగుతావని నాకేటి తెలుసు? జన్మలో మొదటిసారి ఇంకొంచెం పొయ్యరా అన్నావు. సెయ్యి ఆగలేదు."

"ఒక్క రోజు!" అని అరిచాను. "ఒక్క రోజు ఆగితే అసలుదే తాగేవారు కదరా!"

"రేపు ఆడు డ్రైవరు కాదు కదా వదినా. డ్రైవరు మెచ్చిన జీరో అని బోర్డు రాయించీసినాను."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అత్తగారు అనేవారు. ఆవిడ అన్నం పెట్టి పెంచినవాడే అది చేసి చూపించాడు. బల్ల దగ్గర రాసుకుంటున్న గుమాస్తా కలం ఆపేసి మావైపే చూస్తున్నాడు. మా ఆయన మళ్లీ బెంచీ మీద కూర్చున్నారు.

"బోర్డు మీద నా పేరున ఎంత రాయించినావు?"

"ఎనిమిది. ఇప్పుడే ఎల్లి తుడిసేస్తాను."

"తుడవకు. అది నేనిచ్చిందే. బాగుంది, అందుకే ఇచ్చినాను." తల తిప్పుకుని, "నువ్వు మాత్రం మా గుమ్మం ఎక్కకు" అన్నారు.

నాగేంద్ర జరిగిందంతా అధికారుల ముందు ఒప్పుకున్నాడు. మా ఆయన మీద మచ్చ పడలేదని అందరూ నాకు ధైర్యం చెప్పారు. కావచ్చు. ఆఖరి బండి మాత్రం రెండోసారి ఇవ్వరు. నేను ప్లాట్‌ఫారం మీద కనిపించాలన్నారు, కనిపించాను. చూడాల్సిన మనిషే ఇంజనులో లేరు. చచ్చేదాకా నాగేంద్రను క్షమించను. ఇది చదివి ఎవరైనా వాడికి చెబితే మరీ మంచిది.

మర్నాడు పొద్దున అల్లం టీ పెట్టి ఇచ్చాను. డ్యూటీ లేదు, ఊదే పని లేదు. ఇక ఆయన ఏం తాగినా అడిగేవాళ్లు లేరు. కప్పు పట్టుకుని అందులోకే చూస్తూ కూర్చున్నారు. మార్కులు ఆలోచిస్తున్నారనుకుని ఎదురుగా నిలబడ్డాను.

"నీలా, ఇందులో ఏటి కలిపినావు?" అన్నారు.

ఎగతాళి కాదు. నిజంగానే అడిగారు. మా పెళ్లయిన దగ్గరనుంచి ఎప్పుడూ అడగని మాట.

"నీళ్లు, పాలు, టీపొడి, పంచదార, అల్లం" అని ఒక్కొక్కటీ చెప్పాను. అంతా విని, అప్పుడు తాగారు.