నాలుగు వేళ్ళ సందు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. ఇంట్లో ఎవరైనా మొదలుపెడితే, "ఆ దెయ్యానికి రేషన్ కార్డు ఉందేమో కనుక్కోండి" అనేదాన్ని. ముప్పై ఏళ్ళు బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పాను. కంటితో చూసింది, వేలితో తడిమింది తప్ప వేరేది నాకు పట్టదు. ఇప్పుడు చెప్పబోయే సంగతి మా ఆయనకు ఒక్కడికే చెప్పాను. ఆయన విని, ఎండదెబ్బ అన్నాడు. అదే అయి ఉంటే బాగుండునని నేనూ చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఎనభైల మధ్యలో నేను గుంటూరులో కుట్టుపని డిప్లొమా చదివాను. ఆఖరి మూడు నెలలు ఎక్కడైనా ట్రైనింగ్ చేసి, అక్కడి యజమాని చేత రికార్డు పుస్తకంలో సంతకం పెట్టించుకు రావాలి. సంతకం లేకపోతే డిప్లొమా ఇవ్వరు. మా నాన్నకు మాచర్లలో సైకిళ్ళ షాపు. ఇంకో ఏడాది చదివించడం ఆయన వల్ల కాదని ముందే చెప్పేశాడు. సంతకం రాకపోతే ఇంటికొచ్చి పంక్చర్ల దగ్గర కూర్చోవడమే. అందుకని ఆ సంతకం కోసం నేను ఏం చెయ్యమన్నా చేసేదాన్ని.

నాకు నరసరావుపేటలో విమల గారి దగ్గర చోటు దొరికింది. అందరూ మేడమ్ అనేవాళ్ళు. వ్యాపారస్తుల ఇంటి కోడలు, మద్రాసులో చదువుకుంది. పల్లెల్లో పాత చీరలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ దగ్గర మెత్తటి నూలు చీరలు ఏరి కొనేది. శావల్యాపురం నుంచి, బెల్లంకొండ నుంచి మూటలు వచ్చేవి. వాటిని కుంకుడు రసంలో ఉతికించి, రెండు పొరల మధ్య పల్చగా దూది పరిచి, సన్నటి చేతి కుట్టుతో కోట్లు, సంచులు చేయించేది. వేలెడు ముక్క కూడా పారేయకూడదని ఆమె పట్టు. ఇప్పుడు ఇలాంటి పనికి పెద్ద పెద్ద పేర్లు పెట్టి టీవీల్లో చూపిస్తున్నారు. అప్పుడు ఊళ్ళో ఆమెను పాతబట్టల మేడమ్ అనేవాళ్ళు. మా నాన్నయితే, "పాత చీరలతో కోట్లా? కొనే ఎర్రోళ్ళు ఎవరే?" అన్నాడు.

పనిచేసేది వాళ్ళ పాత పత్తి గోడౌన్‌లో. కిటికీలు లేవు. మనిషెత్తు మీద, పైకప్పు దగ్గర చిన్న వెంటిలేటర్లు. రెండు రెక్కల చెక్క తలుపు, లోపలికి తెరుచుకునేది. కింద గచ్చుకు రాసుకుని కర్రుమనేది. మే నెల. పొద్దున లోపలికి వెళ్తే సాయంత్రం దాకా ఉడికిపోవడమే. మధ్యాహ్నం మాచర్ల బండి కూత వినపడేది. అది ఎక్కితే సాయంత్రానికి మా ఇంట్లో ఉంటాను. ఆ కూత విన్నప్పుడల్లా ఏడుపొచ్చేది. జైల్లో రోజులు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టుకుంటూ ఉండేదాన్ని.

అక్కడ అసలు పనిమంతురాలు ఖాసింబీ. యాభై దాటిన మనిషి. వాళ్ళది తరాలుగా దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టే ఇల్లు. నేను అత్తా అనేదాన్ని. ఆమె కుట్టు చూస్తే మా గుంటూరు టీచర్లు సిగ్గుతో తల దించుకోవాలి. అయితే ఆమెకు ఒక అలవాటు ఉంది. కోటు అంతా కుట్టి, కింద ఎడమ మూలలో నాలుగు వేళ్ళు పట్టేంత సందు వదిలేసేది. దాన్ని ఏడు రోజులు బయట ఎండకూ గాలికీ ఆరేసి, ఆ తర్వాత తనే మూసేది.

ఎందుకని అడిగాను. "ఇయ్యి ఒకరు కట్టి విడిచిన బట్టలమ్మా. ఆళ్ళ వేడి ఇంకా దాంట్లోనే ఉండిద్ది. పోటానికి దారి ఉండాల గదా" అంది. "మా అమ్మ చెప్పింది, ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది" అంది. నేను పైకి తలూపి, లోపల నవ్వుకున్నాను. పుస్తకంలో 'కుట్టు పూర్తి కాకపోవడం' అనే లోపం కింద రాసుకున్నాను కూడా.

మద్రాసులో ఏదో ప్రదర్శనకు పన్నెండు కోట్లు కావాలన్నారు. మేడమ్ నన్ను పిలిచి, వీటి ఫినిషింగ్ అంతా నీదే, ఇవి బాగా కుదిరితే నీ పుస్తకంలో మంచి మాట రాసి సంతకం పెడతాను అంది. అదే సమయానికి ఖాసింబీ కూతురికి కాన్పు వచ్చి ఆమె చిలకలూరిపేట వెళ్ళింది. కోట్లు కుట్టడం అయి రెండు రోజులే అయింది. పన్నెండింటికీ మూలలు తెరిచే ఉన్నాయి. మేడమ్ ఒక కోటు నమూనాగా తీసుకుని మర్నాడు పొద్దున్నే బయలుదేరుతుంది, మిగతావి పార్సిల్లో వెనక పంపాలి. అన్నీ రెడీయేనా అని అడిగింది. రెడీ మేడమ్ అన్నాను.

ఆ సాయంత్రం పన్నెండు మూలలూ మూసేశాను. దగ్గర దగ్గరగా, గట్టిగా, రెండుసార్లు తిప్పి కుట్టాను. మేడమ్ వేలితో తడిమి చూసి, "ఖాసింబీ కంటే నయమే నువ్వు" అంది. ఆ మాటకు నేను ఉబ్బిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం రమణమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు బయట వసారాలో కూర్చుని అన్నాలు తింటున్నారు. రమణమ్మ గుండీలు కుట్టేది. నేను లోపలే పెరుగన్నం తిన్నాను. దండెం మీద పదకొండు కోట్లు వేలాడుతున్నాయి. బాక్సు కడుక్కుందామని లేచేసరికి తలుపు మూసి ఉంది. ఆ తలుపు మూస్తే వీధి చివరికి వినపడుతుంది. నాకు చప్పుడే వినపడలేదు.

రింగు పట్టుకుని లాగాను. రాలేదు. గడియ వేసి లేదు, కళ్ళతో చూశాను. రెండు చేతులతో, కాలు గోడకు తన్నిపెట్టి లాగాను. గోడను లాగినట్టే ఉంది. మొదట నవ్వొచ్చింది, వీళ్ళే ఆట పట్టిస్తున్నారని. రమణమ్మను పిలిచాను. ఆమె మాటలు నాకు తలుపు అవతల నుంచి స్పష్టంగా వినపడుతున్నాయి. వంకాయల్లో పుచ్చు గురించి చెబుతోంది. నేను గొంతు చించుకుని అరిచాను. ఆమె మాట ఆగలేదు. వంకాయల సంగతి అయిపోయి, వాళ్ళ ఆడబిడ్డ సంగతి మొదలుపెట్టింది.

అప్పుడు భయం వేసింది. రెక్కల మధ్య గోళ్ళు పెట్టి లాగాను. మూడు గోళ్ళు కుదురు దాకా విరిగాయి. నెత్తురు వచ్చింది. ఊపిరి ఆడలేదు. నిలదొక్కుకుందామని దండెం పట్టుకుంటే చెయ్యి ఒక కోటుకు తగిలింది. అది వెచ్చగా ఉంది. ఎండాకాలం, అన్నీ వెచ్చగానే ఉంటాయి కదా అనుకుని పక్కనున్న కుట్టు మిషన్ ముట్టుకున్నాను. మిషన్ చల్లగా ఉంది. కోటు మాత్రం ఎవరో ఇప్పుడే ఒంటి మీద నుంచి తీసినంత వెచ్చగా ఉంది. పదకొండూ అంతే. కింద ఎడమ మూల దగ్గర ఇంకా ఎక్కువ. నేను ఎక్కడ మూశానో అక్కడ.

ఏం ఆలోచించానో చెప్పలేను. చిన్న కత్తెర తీసుకుని ఒక్కొక్క మూలా విప్పడం మొదలుపెట్టాను. పార్సిల్ పోతుంది, సంతకం పోతుంది, మా నాన్న షాపు కళ్ళ ముందు కనపడుతోంది. అయినా విప్పాను. నా కుట్టు నాకే ఓ పట్టాన తెగలేదు, అంత గట్టిగా కుట్టాను మరి. గంటలు గడిచినట్టు అనిపించింది. పదకొండూ విప్పి తలుపు లాగాను. రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, పన్నెండోది మేడమ్ పెట్టెలో మద్రాసు వెళ్ళిపోయింది. ఇక నేను బయటపడేది లేదని కింద కూలబడి ఏడ్చాను.

ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. ఖాసింబీ. బస్సు దిగి చేతి సంచితో సరాసరి వచ్చింది. నేను కింద లేను, మిషన్ ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాను. తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. వసారాలో రమణమ్మ ఇంకా అన్నం తింటోంది. అప్పుడే మాచర్ల బండి కూసింది.

రమణమ్మ చెప్పింది ఇది. "తలుపు ఎవరేశారే? తీసే ఉంది. నువ్వు మా ఎదురుగుండానే కూకోని కుట్లు ఇప్పుతన్నావు. ఎందుకిప్పుతన్నావే అని మూడుసార్లు పిలిచా. మావైపే చూశావు, పలకలా." మిగతా ఇద్దరూ అదే చెప్పారు. ఎంతసేపు అంటే, పావుగంట ఉంటుందేమో అన్నారు. అయితే నా గోళ్ళు విరిగి ఉన్నాయి. తలుపు లోపలి వైపు, రెక్కలు కలిసే చోట నెత్తుటి మరకలు ఉన్నాయి. అవి రమణమ్మే చూసి, నీళ్ళు తెచ్చి తుడిచింది.

ఖాసింబీ చేతి సంచి కింద పెట్టింది. కోట్లు లెక్కపెట్టి, "పన్నెండోది ఏదమ్మా?" అంది. చెప్పాను. "ఆ మేడమ్ తల్లి దాంతో ఒక్కతే పోయిందే" అంది. పార్సిల్ పంపలేదు. పదకొండింటినీ బయట ఆరేసింది. సంతకం మీద ఆశ వదిలేసుకుని నేను పెట్టె సర్దుకున్నాను.

ఐదో రోజున మేడమ్ వచ్చింది. పార్సిల్ ఎందుకు రాలేదని తిడుతుందని గోడవారగా నిలబడ్డాను. తిట్టలేదు. అసలు ఆ మాటే ఎత్తలేదు. మనిషి సగమైంది. పెట్టెలోంచి ఆ కోటు తీసి ఖాసింబీ ఒళ్ళో పెట్టి, "ముందు దీని మూల విప్పు" అంది. ఖాసింబీ పళ్ళతో దారం కొరికి విప్పింది. అది అయ్యేదాకా మేడమ్ గుమ్మం దాటి లోపలికి రాలేదు. అంత ఎండలోనూ బయటే నిలబడింది.

తర్వాత నా పుస్తకం అడిగింది. ఏమీ చదవకుండా సంతకం పెట్టింది. కలం పట్టుకున్న చెయ్యి నా కళ్ళ ముందే ఉంది. మూడు వేళ్ళకు గుడ్డ పీలికలు చుట్టి ఉన్నాయి. ఒకటి జారితే చూశాను. గోరు కుదురు దాకా విరిగి ఉంది. నా చేతి కట్లు ఆమె చూసింది. మద్రాసులో ఏ గదిలో, ఎంతసేపు, ఎలా బయటపడిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

నాది ఎండదెబ్బే అనుకుందాం. మరి ఆమెది? దెయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. కాకపోతే బడిలో పిల్లలు పాతబట్టతో ఏది కుట్టినా ఎడమ మూల నాలుగు వేళ్ళు వదలమనేదాన్ని. ఎందుకు టీచర్ అని అడిగితే, గాలి ఆడటానికి అని చెప్పేదాన్ని. అలా చెప్తూ తరగతి తలుపు తెరిచే ఉందో లేదో ఒకసారి చూసుకునేదాన్ని.