నుమాయిష్‌లో ఆడవాళ్ల రోజు

భయపడడం నేను అత్తవారింటికి వచ్చాకే నేర్చుకున్నాను. పుట్టింట్లో దాని అవసరం పడలేదు. బోధన్ పక్కనున్న మా అత్తవారి ఊరికి నిజాంసాగర్ కాలువా నేనూ ఒకే ఏడు వచ్చాం. కాలువ ఊట చేలోకి దిగి ఆ ఏడు పసుపు దుంపంతా కుళ్లిపోయింది. కాలువ సర్కారుది, దాన్ని ఏమనగలరు? నేను కోడల్ని. అందుకని నా కాలు మంచిది కాదన్నారు.

ఊరంతా చెరుకుకు మారినా మా మామ పసుపు వదల్లేదు. రెండో ఏడు కూడా కుళ్లింది. మూడో ఏడు చేను చుట్టూ కందకం తవ్వి ఊటనీళ్లు బయటికి మళ్లిస్తే పంట బ్రహ్మాండంగా వచ్చింది. కానీ అప్పటికే మా పేరు చెడింది. నిజామాబాద్ మండీలో దళారులు మా బస్తాల మూతి కూడా విప్పకుండా, కుళ్లిన చేను పసుపు అని దాటిపోయారు. బస్తాలన్నీ బండెక్కి మళ్లీ ఇంటికే వచ్చాయి. నా కడుపు కూడా పండలేదని అప్పటికే గుసగుసలు. ఒకనాడు మా అత్త మామకు వడ్డిస్తూ, నాకు వినపడేటట్టే అన్నది.

"గీ పసుపు గూడ ఇంట్లనే పురుగువట్టిందనుకో, మా తమ్ముని బిడ్డను తెచ్చి పిలగానికి మల్ల పెండ్లి జేస్త. ఎవ్వలు అడ్డమొస్తరో నేను జూస్త."

నా భర్త పక్క పీట మీదే ఉన్నాడు. అన్నంలో రాయి తగిలినట్టు కాసేపు నమలడం ఆపి, మళ్లీ తిన్నాడు. ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

ఆ చలికాలం నిజామాబాద్‌లో నుమాయిష్, అంటే వస్తువుల ప్రదర్శన, పెట్టారు. మామ పసుపుకని ఒక దుకాణం అడిగి తీసుకున్నాడు. మేమంతా పట్నంలో చుట్టాలింట్లో దిగాం. పసుపు కొమ్ములను గోపురంలా పేర్చి, ముందర ఉర్దూలో రాయించిన పలక నిలబెట్టి రెండు రోజులు కూర్చున్నాడు. ఒక్కరూ ఆగలేదు. పసుపు లేని ఇల్లుంటుందా, ఆగి చూడడానికి?

మూడో రోజు ఆడవాళ్ల రోజు. మైదానం చుట్టూ కనాతు తెరలు కట్టేశారు. లోపల మగపురుగు ఉండకూడదు. దుకాణంలో మా అత్త కూర్చోవాలి. తెల్లవారేసరికి ఆమెకు చలిజ్వరం, నాలుగు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. ఇక మిగిలింది నేను.

గేటు దగ్గర మామ ఆగి, నా వైపు చూడకుండా చెప్పాడు.

"మండీల పసుపు కొనే పెద్ద సావుకారి తల్లి వస్తదంట బిడ్డ. కొడుకు ఆమె మాట జవదాటడు. ఆమె మెచ్చిందంటె మన బస్తాలన్ని లేస్తయి. జర మంచిగ మాట్లాడు."

ఆ ఇంట్లో మూడేళ్లకు పైగా తలెత్తనివ్వని మనిషి, ఇప్పుడు మాట్లాడమంటున్నాడు. తలూపి లోపలికి నడిచాను.

పొద్దెక్కేకొద్దీ జనం. బుర్కాల వాళ్లు, పట్టుచీరల వాళ్లు, చంటిపిల్లల తల్లులు, మరాఠీలో గట్టిగా బేరాలాడేవాళ్లు. అందరూ ఎదుటి గాజుల దుకాణం మీదే పడ్డారు. నేను పసుపు గోపురం వెనక దాక్కున్నట్టు కూర్చున్నాను. పిలుద్దామంటే ఏమని పిలవాలో తెలియదు. పిలవకపోతే బస్తాలు ఇంటికే వస్తాయి, వాటి వెనకే అత్త తమ్ముడి కూతురు వస్తుంది. ఆ పిల్లకు నా గాజుల పెట్టె ఇవ్వాలా, నా పక్క ఏ మూలకు మారుస్తారు అని కూడా ఆలోచించేశాను. భయం ముందుచూపు కలది.

మధ్యాహ్నం ఒకామె కుచ్చిళ్లు సర్దుకోవడానికి మా దుకాణం చాటుకు వచ్చింది. సర్దుకుని వెళ్లబోతోంది. ముత్తయిదువ గడపలోకి వచ్చి బొట్టు లేకుండా వెళ్తే ఎట్లా? ఆలోచించకుండానే లేచాను. సానరాయి మీద నాలుగు నీటిచుక్కలు వేసి కొమ్ము అరగదీసి, ఆమె నుదుట పసుపు రాసి, మధ్యలో కుంకుమ పెట్టాను. ఆమె గాజుల దుకాణంలోని అద్దంలో చూసుకుని అక్కడి వాళ్లను పిలిచింది.

"రంగు జూడుండ్రి అక్క, ఎట్ల వట్టిందో."

తర్వాత నాకు ఊపిరాడలేదు. ఒకరి వెనక ఒకరు వరస కట్టారు. బుర్కా ఆమె ఒకతి పెళ్లికూతురికి పూసే పసుపు అని చెయ్యి చాపి, మణికట్టు మీద రాయించుకుని వాసన చూసి, బుట్టెడు తీసుకుంది. నేను అరగదీయడం, రాయడం, పెట్టడం. పెద్దవాళ్ల ముఖాల్లోకి చూడకూడదని నేర్పారు కదా, నాకు నుదుళ్లే తప్ప ముఖాలు కనిపించలేదు. తప్పు అక్కడే జరిగింది.

శాలువా నిండుగా కప్పుకున్న ఒకామె ముందుకు వచ్చింది. ముడతల నుదురు. పసుపు రాశాను, కుంకుమ పెట్టాను. అప్పుడు ఆమె శాలువాలోంచి చేతులు బయటికి తీసింది. గాజుల్లేవు. మెడ చూశాను, బోసిగా ఉంది.

విధవరాలికి బొట్టు పెట్టాను. వెనకున్న వాళ్లు చూస్తే? అపశకునపు పసుపని ఒక్క నోరు అంటే చాలు, ఈ గోపురం దగ్గరికి కాకి కూడా రాదు. చూశారా, దాని కాలే కాదు చెయ్యి కూడా అంతే అంటారు. వరసలో వెనకున్నామె మెడ చాచింది. నేను చప్పున కొంగు తీసి, ఆ నుదురు తుడవబోయాను. చెయ్యి ఎంత వణికిందంటే మొదటిసారి కొంగు ఆమె చెంపకు తగిలింది.

ఆమె కదల్లేదు. పెట్టినప్పుడు ఎట్లా కళ్లు మూసుకుందో, తుడిచేటప్పుడూ అట్లాగే మూసుకుంది.

"గంతగనం వణుకుతున్నవేంది బిడ్డ," అన్నది మెల్లగా, నాకొక్కదానికే వినపడేట్టు. "తుడువు, ఏంగాదు. అప్పుడు తుడిసినోళ్లు గింత మెల్లగ తుడువలేదు."

నేను తుడిచాను. ఆమె ఒక కొమ్ము అందుకుని టక్కున విరిచి, లోపలి రంగు చూసి, రెండు ముక్కలూ కొంగున ముడివేసుకుంది. గుంపులోంచి ఒక పనిమనిషి ఉరికివచ్చి, సావుకారు ఇంటి బండి వచ్చిందని ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

పెద్ద సావుకారి తల్లి అంటే ఒళ్లంతా నగలతో వస్తుందని అనుకున్నాను. ఆమె విధవరాలని మామ చెప్పలేదు. మగవాళ్లకు అది చెప్పాల్సిన సంగతిగా తోచదు. సాయంత్రం దాకా బొట్లు పెట్టాను గానీ ఒక్క ముఖం గుర్తులేదు. చుట్టాలింటికి వచ్చి అత్తకు గంజి ఇచ్చి, ఎవరికీ ఏమీ చెప్పలేదు. సావుకారు మనుషులు వచ్చి నిలదీస్తారని ఎదురుచూశాను.

మర్నాడు సావుకారే వచ్చాడు. నేను తలుపు వెనక గోడకు అతుక్కుని నిలబడ్డాను.

"మీ పసుపంత నేనే తీసుకుంట," అన్నాడు మామతో. "నిన్న దుకాణంల కూసున్న బిడ్డ చెయ్యి మంచిదని చెప్పమన్నది మా అమ్మ."

జ్వరంలోంచే మా అత్త లేచి కూర్చుంది. తమ్ముడి కూతురి మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. ఇక నా చెయ్యి మంచిదని ఊరంతా చెప్పుకుంది. పచ్చడి పెట్టాలన్నా, తొలి విత్తనం వేయాలన్నా నన్నే పిలిచారు. ఆ చెయ్యి ఏం చేసిందో నేను చెప్పలేదు. ధైర్యం చాలలేదు.

చాలా ఏళ్లకు మామ పోయాడు. పదో రోజు బొట్టు తీయడానికి విధవరాళ్లు వచ్చి అత్త చుట్టూ చేరారు. ముత్తయిదువలు చూడకూడదని నేను లోపలింట్లో ఉన్నాను. అత్త గట్టిగా నా కోసం పిలిచింది. వాళ్లు వద్దంటున్నా వినలేదు. వెళ్లి ముందు కూర్చుంటే నా చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"వీండ్లొద్దు. నీ చెయ్యి మంచిది, నువ్వే తుడువు బిడ్డ," అన్నది.

కొంగు తీశాను. నా చెయ్యి ఆ రోజులాగే వణికింది. వీలైనంత మెల్లగా తుడిచాను.