మొదలు నుంచి కొలిచాను

అల్లవరం వైపు రొయ్యల చెరువులకు పెద్ద కరెంటు లైను వేస్తున్నారని తెలిసిన రోజే అక్క నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, ఆ తీగలు మన తోట మీంచి పోతాయేమో కాస్త కనుక్కోరా" అంది. ఆమె బెంగ తోట గురించి కాదని నాకు తెలుసు. మురుగు కాలువ గట్టున ఉన్న ఒక్క చెట్టు గురించి. అక్క కన్న మగబిడ్డ పదకొండో రోజున పోయాడు. పసిబిడ్డలను కాల్చరు కనుక బావగారు ఆ మూల పాతిపెట్టి, పైన కొబ్బరి మొక్క నాటారు. ఇప్పుడు బావగారూ లేరు. గుర్తుగా ఉన్నది ఆ చెట్టొక్కటే.

అమలాపురంలో ముప్పయ్యేళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి. సర్వే నంబర్లు నాకు కొట్టిన పిండి. మ్యాప్ సంపాదించడం ఎంతసేపు అనుకున్నాను. ఇంటర్నెట్‌లో దొరికిన పటంలో గీత మందమే మా ఊరంత ఉంది. కరెంటు ఆఫీసుకు వెళితే "ఇక్కడుండదండీ, పై ఆఫీసులో అడగండి" అన్నారు. అక్కడ "లెటర్ పెట్టుకోండి, చూద్దాం" అన్నారు. కాళ్లరిగేలా తిరిగాను. ఒకసారి ఒళ్లు మండి కేకలు కూడా వేశాను. చివరికి ఒక సర్వేయరు జాలిపడి, మా ఊరి పటం మీద లైను గీసిన కాగితాన్ని జిరాక్స్ తీయించి ఇచ్చాడు. "ఆయ్, ఇది పట్టుకెళ్లండి మాస్టారూ, నేనిచ్చేనని మాత్రం చెప్పకండి" అన్నాడు.

స్కేలు పెట్టి కొలిచాను. తీగలు కాలువకు అవతల పోతున్నాయి. ఇటు ఎంతవరకు చెట్లు కొట్టేస్తారో కూడా గీసి ఉంది. మా చెట్టు మొదలు ఆ హద్దుకు రెండు గజాలు బయటే.

"ఆ చెట్టు వదిలెయ్యమని అర్జీ పెట్టేద్దామేంట్రా? అర్జీలకు గడువు ఈ వారమేనంట" అంది అక్క.

"అంతా నీ చాదస్తం. నేను కొలిచానంటే కొలిచినట్టే. హాయిగా పడుకో" అన్నాను. అర్జీ పెట్టనివ్వలేదు.

రెండు నెలలకు రంపాలతో మనుషులు దిగారు. ఎర్ర రంగు పూసిన చెట్లలో అదీ ఉంది. కాగితం పట్టుకుని పరుగెత్తాను. సూపర్‌వైజరు దాని వంక చూడనైనా లేదు. చెట్టు తల వైపు చెయ్యి చూపించాడు. అది మొదటినుంచీ కాలువ మీదికి వాలి పెరిగిన చెట్టు.

"మొదలు మీ లెక్కండీ. మేం తల కాణ్ణుంచి చూస్తామండీ. తీగ మీద పడేది తలే కదండీ" అన్నాడు.

మా కోనసీమలో చెట్టు ఎటు వాలినా, మొదలు ఎవరి నేలలో ఉంటే కాయ వాళ్లదే. ఆ మాట మీద ఎన్ని హద్దు తగాదాలు తీర్చానో! ఇంకోలా కొలుస్తారన్న ఊహే నాకు రాలేదు. ముందే అర్జీ పెట్టి ఉంటే ఒక్క చెట్టుకు ఏదో దారి చూసేవాళ్లమని కూడా ఆ సూపర్‌వైజరు అన్నాడు. ఛీ, నా తెలివి తగలెయ్య!

తీగలు లాగే బండి తిరగడానికని మోడు కూడా పెకలించి నేల చదును చేశారు. మర్నాడు పొద్దున్నే అక్క గ్లాసుతో పాలు పట్టుకుని వచ్చింది. నన్ను తిట్టినా బాగుండేది. ఒకచోట ఆగి, "ఇక్కడేనంటావా?" అంది. నాకూ తెలియలేదు. నాలుగడుగులు అటు వేసింది, మళ్లీ ఇటు వచ్చింది. చివరికి అక్కడ కొన్ని, ఇక్కడ కొన్ని పాలు పోసింది.

"ఎక్కడున్నా తాగుతాడులే" అంది.