పాటల పుస్తకం ఆగిన చోట

మా వీధిలో సినిమాల యేడాది ఉగాదికి మొదలయ్యేది కాదు. వానలు వెనకబట్టాక ఊరి బయటి బీడులో టూరింగ్ టాకీసు డేరా లేస్తే మొదలయ్యేది, మళ్లీ మొగులు పట్టి డేరా విప్పితే ముగిసేది. విప్పే రోజులు దగ్గరపడ్డాయంటే మా వసారాలో పంచాయితీ పెట్టేవాళ్లు, ఈ యేడు వచ్చిన బొమ్మల్లో ఏది గొప్పదని.

లోపల గుంటమగ్గంలో బాపు నేస్తుంటే, బయట మేము నూలు కండెలు చుట్టేవాళ్లం. చేతులు రాట్నాల మీద, నోళ్లు సినిమాల మీద. అవ్వకు దేవుళ్ల బొమ్మ తప్ప మరొకటి ఆనదు. పక్కింటి చిన్నమ్మకు కత్తియుద్ధం ఉండాలి. వదినకు ఏడుపు కావాలి. నేను వినేదాన్ని.

"గాలిల పల్లకి పోతుంటే సూడలేదానే? గంతకన్న ఏం గావాలె?" అంది అవ్వ ఆ రోజు.

"పల్లకికి కట్టిన తీగ గనవడ్డది అత్తా," అంది చిన్నమ్మ.

"నీ కండ్లకు తీగలే గనవడ్తయి. మీ రాజకుమారుడు గంతమందిని నరికితే ఒక్క నెత్తురుబొట్టు రాలే, గది గనవడలేదా?"

వదిన ముసిముసిగా నవ్వింది. అవ్వ నా వైపు తిరిగింది. "నువ్వేందే, మూతికి దారం గట్టుకున్నవా? నల్లగొండ దాంక పోయొస్తున్నవు, నువ్వు జెప్పు."

నేను రోజూ బస్సులో నల్లగొండకు కుట్టుపని క్లాసుకు పోయేదాన్ని. అమ్మ లేని ఇంట్లో బాపును ఒప్పించి పంపింది అవ్వే. క్లాసు అయ్యాక సాయంత్రం బస్సు వచ్చేదాకా గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. రోజు మొత్తంలో నాదనిపించే సమయం అదొక్కటే. ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేదు, డైరీలో మాత్రం రాసుకునేదాన్ని.

అవ్వ అడిగేసరికి, మా ఊరికి ఇంకా రాని ఒక సినిమా సంగతి చెప్పాను. క్లాసులో ఒక అమ్మాయి ఇచ్చిన పాటల పుస్తకంలో ఆ కథ చదివి, మర్నాడు పుస్తకం తిరిగి ఇచ్చేశాను. అత్త అనుమానించి గెంటేసిన కోడలు, కొన్నేళ్లకు ముసుగేసుకొని అదే ఇంటికి వంటమనిషిగా వస్తుంది. పోనుపోను అత్త ఇంటి తాళాలన్నీ ఆమె చేతికే ఇస్తుంది. రాట్నాలు ఒక్కొక్కటే ఆగాయి. నా మాటలకు రాట్నాలు ఆగడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. పుస్తకం ఆగిన చోట నేను ఆగలేకపోయాను.

"మొగడు గుర్తుపట్టి ఉండిపొమ్మని బతిమాలుతడు. ఆమె ఏం మాట్లాడది. తాళాలగుత్తి గుంజకున్న మేకుకు తగిలిచ్చి, ఎనకకు సూడకుండ ఎల్లిపోతది," అన్నాను.

చిన్నమ్మ "అబ్బ!" అంది. వదిన మాత్రం నన్నే చూస్తోంది.

"గీ బొమ్మ ఎప్పుడు సూసినవు పిల్లా?"

"సూడలే వదినా. పాటల పుస్తకంల సదివిన."

"పాటల పుస్తకంల ఆఖరు రాయరు గద. 'మిగిలిన కథ వెండితెరపై చూడండి' అనే రాస్తరు. మా తల్లిగారింట్ల సందూగ పెట్టె నిండ గవే ఉన్నయి."

ఆ ఆఖరు నేనే అల్లానని చెబుదామనుకున్నాను. చెప్పినా ఎవరు నమ్ముతారు? లోపల మగ్గం మీద నాడె చప్పుడు ఆగిపోయింది. బాపు మగ్గం దిగి గడపలోకి వచ్చాడు.

"నల్లగొండ టాకీసుకు పోయినవా బిడ్డా?"

"పోలే బాపు."

ఆయన దారప్పోగు వేళ్ల మధ్య నలిపాడు. "గా బొమ్మ మన డేరాకు రాకుండ పోతదా? అందరం సూద్దాం. నువ్వు జెప్పినట్టే ఐతే సూసినట్టు. గప్పటిదాంక క్లాసుకు పోకు."

ఆ రోజు నుంచి ఇల్లు ఇల్లులా లేదు. వదిన నా సంచి దులిపి పాత బస్సు టికెట్లను వెలుతురుకు పెట్టి చూసేది. అవ్వ జొన్నరొట్టె చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి అడిగేది: "నల్లగొండ టాకీసుల కుర్సీలు మెత్తగుంటయా, గట్టిగుంటయా?"

"నాకేం ఎరుక అవ్వా?"

"సూడు, ఎంత జల్ది జవాబు జెప్పిందో," అనేది వదినతో.

నాకూ అందరి మీదా అనుమానమే. చిన్నమ్మ బెల్లంముక్క చేతిలో పెడితే, నోరు విప్పించడానికే అనుకున్నాను. బాపు ఎప్పటికంటే మెల్లగా మాట్లాడితే, క్లాసు మాన్పించాలని ముందే తేల్చుకున్నాడేమో అనుకున్నాను. డైరీ రాయడం మానేశాను. వదిన కూడా చదవగలదు.

చివరికి ఒక పొద్దున టాకీసు వాళ్ల ఎడ్లబండి మైకు పెట్టుకొని వీధిలోకి వచ్చింది. అదే సినిమా. మనుషులు తాము అనుకున్నది నిజం కావాలని మొక్కుతారు. నేను చౌరస్తా పోచమ్మకు నా ఊహ తప్పు కావాలని మొక్కుకున్నాను.

మొదటి ఆటకే పోయాం. నేల మీద ఆడవాళ్లకు, మగవాళ్లకు మధ్య తడక. తడకకు ఆనుకొని అటు పక్క బాపు, ఇటు మేము. బొమ్మ వేసే మిషను ఒకటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా దీపం వెలిగేది. వెలిగినప్పుడల్లా మావాళ్లంతా తెర వదిలి నా మొహం చూసేవాళ్లు. ఏడిస్తే ముందే చూసి ఏడ్చిందంటారు, ఏడవకపోతే ముందే చూసింది కాబట్టి ఏడవలేదంటారు. ఏం చేయాలో తోచక మోకాళ్ల మీద తల పెట్టుకున్నాను.

ఆఖరు రీలులో మొగుడు గుర్తుపట్టాడు. బతిమాలాడు. ఆమె మాట్లాడలేదు. నడుముకున్న తాళాలగుత్తి తీసి మెల్లగా గుంజ వైపు నడిచింది. వదిన వేళ్లు నా మోచేతిని గట్టిగా పట్టుకున్నాయి. తెర మీద ఆమె చేయి మేకు దాకా లేచింది.

అప్పుడు అత్త పరుగెత్తుకొచ్చి ఆ చేయి పట్టుకుంది. కాళ్ల మీద పడింది. కోడలు లేవనెత్తింది. అందరూ ఫొటోకు నిలబడ్డట్టు నిలబడి నవ్వారు. తెర మీద 'శుభం' పడింది.

నాకు ఏడుపు అప్పుడొచ్చింది. నేను బతికిపోయినందుకు సగం, ఆమె ఉండిపోయినందుకు సగం.

"గిదేం ఆఖరే? పిల్ల జెప్పిందే మంచిగుండె," అని చిన్నమ్మ చీర దులుపుకుంటూ లేచింది.

"అత్త ఇజ్జత్ దక్కింది గద, సాలు," అంది అవ్వ.

బాపు ఇంటి ముందు చెప్పులు విడుస్తూ, నా మొహం చూడకుండా, "రేపటి సంది క్లాసుకు పో బిడ్డా," అన్నాడు.

నేను మళ్లీ నల్లగొండకు పోసాగాను. డేరా విప్పేసే ముందు పంచాయితీ కూడా తేలింది. అవ్వ తన పల్లకి బొమ్మను వదల్లేదు. చిన్నమ్మ మాత్రం "పిల్ల జెప్పిన బొమ్మ" అంది. అటువంటి సినిమా లేదు గదా అంటే, "లేకుంటే ఏంది, నేను సూసిన గద," అంది.

వదిన ఏ పక్షమూ పట్టలేదు. ఒక మధ్యాహ్నం మేమిద్దరమే కండెలు చుడుతుంటే, తల ఎత్తకుండా అంది:

"నిజం జెప్పు పిల్లా. బొమ్మ సూసే వచ్చినవు. దొరకొద్దని ఆఖరు ఉల్టా జెప్పినవు. గంతే గద?"

"లేదు వదినా."

వదిన రాట్నం మళ్లీ తిప్పింది. పోగు తెగితే ముడివేసింది.

"సరే తియ్యి. గా తాళాలు తగిలిచ్చి ఏడికి పోయింది ఆమె? తల్లిగారింటికా? గది జెప్పకుంటనే ఆపినవు."

"నాకు ఎరుకలేదు."

నిజంగానే నాకు తెలియదు. గుంజ దాటాక ఆమె ఎటు పోతుందో నేను అనుకోనే లేదు. వదిన నిండిన కండె తీసి పక్కన పెట్టింది.

"ఎరుకనే. నాకు జెప్తలేవు," అంది.